రెండు ట్రిగ్గర్ల రైఫిలూ, రేపల్లె బావగారూ

నాకు బొత్తిగా గిట్టని మనిషికి నా చేతులతో నేనే కప్పు గెలిపించిన ఘోరం ఇది. చదివి నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గిట్టని మనిషంటే పరాయివాడు కాదు, మా ఎస్తేరక్క భర్త, రేపల్లె ప్రభాకరం బావ. నేను తెనాలిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చి బహుమతి తెచ్చుకున్నాను. ఆ మాట ఎవరు ఎత్తినా బావ చిన్నగా నవ్వి, ఆడపిల్లలు నొచ్చుకుంటారని అప్పట్లో అందరికీ ఇచ్చేవారులే అనేవాడు. అక్కా వాళ్ల కొత్తింటి ప్రార్థనలో పాస్టరుగారి ముందు కూడా అన్నాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్లు మూసుకుని పళ్లు నూరాను.

ఆ కోపంతోనే, బాపట్ల దాటాక కర్లపాలెం దారిలో ఉన్న రైఫిల్ క్లబ్బులో చేరాను. బావ అక్కడ పాత సభ్యుడు. శనివారం వస్తే చాలు, రైలెక్కి వెళ్లి, ఎండలో మాడి, ఇసుక కట్ట ముందు నిలబెట్టిన కాగితాలకు తూట్లు పొడిచి వచ్చేదాన్ని. పోటీలో బావకంటే ఒక్క పాయింటు ఎక్కువ రావాలి. అంతకుమించి ఈ జన్మకు నేనేమీ కోరలేదు.

తీరా పోటీ రోజున, నేను రోజూ కాల్చే రైఫిల్ స్ప్రింగు విరిగి బాగుచేతకు వెళ్లిందన్నారు. బదులుగా బీరువాలోంచి ఒక పాత విదేశీ రైఫిల్ తీసి ఇచ్చారు. ఎప్పుడో బావ తండ్రిగారు క్లబ్బుకిచ్చినదట. సగం కోపం అక్కడే వచ్చింది. చూస్తే దానికి గొట్టం ఒకటే గానీ ట్రిగ్గర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. మిగతా సగమూ వచ్చేసింది.

బావ తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"అమ్మాయ్, దాని సంగతి చెప్తాను విను. మొదట వెనకది నొక్కాలి. అది నొక్కాక..."

"నాకు తెలుసండి."

"తెలిస్తే మంచిదేగానీ, ఆ ముందుది ఉంది చూశావూ..."

"తెలుసన్నాను కదండి బావగారూ."

ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు. నాకు తెలిసింది గుండుసున్నా. వెనకది నొక్కాలన్నాడు కాబట్టి పేల్చేది అదేననీ, ముందుది కారుకు స్టెప్నీలాగా అదనంగా పెట్టారనీ తీర్మానించుకున్నాను.

అసలు సంగతి మీకైనా చెప్తాను. వెనక ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ పేలదు. లోపల ఒక స్ప్రింగు బిగుసుకుని టిక్కుమంటుంది, అంతే. ఇక ముందు ట్రిగ్గర్‌ను లాగక్కర్లేదు, వేలు ఆనితే చాలు పేలుతుంది. బలంగా లాగితే గురి చెదురుతుందని ఈ ఏర్పాటు. వెనకది ముట్టుకోకపోతే ముందుది మామూలు ట్రిగ్గరే. ఇంతే విషయం. వినడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం నా దగ్గర లేకపోయింది.

కాల్చమన్నారు. బల్ల మీది ఇసుకసంచిపై రైఫిల్ ఆనించి, ఊపిరి బిగబట్టి, వెనకది నొక్కాను. టిక్కుమంది. అంతే. తూటా పేలలేదనుకున్నాను. ఈ చిన్న తూటాలకు అంటించే మందు అడుగు అంచులో ఉంటుంది, అది సరిగ్గా అంటకపోతే ఒక్కోసారి తుస్సుమంటాయి. అప్పుడు గొట్టం కాగితం వైపే ఉంచి, వేలు తీసేసి, చెయ్యెత్తాలి. నేను గొంతెత్తాను. పక్క బల్ల దగ్గరున్న బావ వైపు తిరిగి, "మీ నాన్నగారు ఇచ్చింది తుపాకీయేనా, టార్చిలైటా అండీ?" అన్నాను.

నాతోపాటు గొట్టమూ కాస్త తిరిగింది. వేలు ముందు ట్రిగ్గర్‌కు ఆనింది. దేవుడి సాక్షిగా నేను లాగలేదు. ఆనిందంతే. ఢామ్మంది.

పోటీ నడిపిస్తున్న రిటైర్డ్ సుబేదారు గారు అందరి చేతా తుపాకులు దింపించి నా దగ్గరికి వచ్చారు. అరవలేదు. "గొట్టం ఇంకాస్త తిరిగుంటే ఏమయ్యేదో తెలుసామ్మా?" అన్నారు. తెలుసు. కాసేపు కోపం కూడా నన్ను వదిలి పారిపోయింది. లేచి షెడ్డులో కూర్చోమన్నారు. నా పోటీ మొదటి తూటాతోనే ముగిసింది.

పోయిన కోపం కాగితాలు దించినప్పుడు తిరిగొచ్చింది. నా కాగితం పెళ్లిపత్రికలా శుభ్రంగా ఉంది. బావ కాగితంలో ఒక చిల్లు ఎక్కువుంది. మొత్తం చిల్లుల్లో ఒకటి నడిమధ్యన, కంపాసుతో గీసినట్టుంది. అన్నీ ఒకే రకం తూటాలు. ఎవరిదేదో తేల్చలేనప్పుడు మంచివన్నీ ఆ కాగితం మనిషికే చెందుతాయట, అధ్వాన్నంగా ఉన్నదాన్ని కొట్టేస్తారట. బావ వలయాల బయట కాల్చిన దరిద్రపు చిల్లును కొట్టేశారు. దాంతో అప్పటిదాకా ముందున్న చీరాల బట్టల షాపాయన్ని దాటి బావ మొదటి స్థానానికి వచ్చాడు.

నేను ఊరుకోలేదు. నడిమధ్యది నాదేనన్నాను. ఎలా చెప్పగలవని సుబేదారు గారు అడిగితే, బావగారికి అంత గురి లేదండి అన్నాను. అందరూ నవ్వారు. సుబేదారు గారు మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు గురిపెట్టే కాల్చావామ్మా?"

అవునంటే కావాలని పక్కవాళ్ల కాగితాన్ని కాల్చినట్టు. కాదంటే అది నా గొప్ప కాదు. నడిమధ్య చిల్లును బావకే వదిలేసి షెడ్డులోకి నడిచాను.

కప్పు అందుకుని బావ మైకులో, ఈ విజయంలో మా మరదలి పాత్ర మరువలేనిదని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. చీరాలాయన మాత్రం నన్ను చూసిన చూపు వర్ణించను.

మొన్న బావ ఫోన్ చేశాడు. ఈ ఏటి పోటీకి పేరిచ్చావా అని ఎంతో ప్రేమగా అడిగాడు. ఇచ్చానన్నాను.

"మంచిది. మన బల్లలు పక్కపక్కనే వెయ్యమని చెప్పానమ్మా."

కాబట్టి పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ తుపాకీ ఇచ్చినా దాని ట్రిగ్గర్లెన్నో, ఏది ఏం చేస్తుందో, చెప్పేవాడు బావే అయినా సరే, చివరిదాకా వింటాను. వేలు తుపాకీ మీదుండగా నోరు విప్పను. కాలిస్తే నా కాగితాన్నే కాలుస్తాను. కోపం తగ్గించుకుంటానని మాత్రం ప్రమాణం చెయ్యను. అబద్ధపు ఒట్లు మా ఇంటావంటా లేవు.