మూడో మెట్టు దాకా

మొన్న జగిత్యాలలో మా ఇంటికి వచ్చిన చెల్లెలి మనవరాలు, చాయ చల్లారిపోయేదాకా ఫోను వైపే చూస్తూ కూర్చుని, చివరికి దాన్ని బోర్లించి పెట్టి, యూనివర్సిటీవాళ్ళు పీజీ సీటు ఇవ్వలేదనీ, అడిగినవాళ్ళకు మాత్రం ఆ కోర్సు తనకే నచ్చలేదని చెప్పుకుంటాననీ అన్నది. సీటు రానందుకు నేను అంతగా కలత పడలేదు గాని, ఆ రెండో మాట వినగానే లోపల ఏదో కలుక్కుమంది. అచ్చంగా ఆ అబద్ధాన్నే, ఇంచుమించు ఆ వయసులోనే, నేను కోరుట్ల బజారంతా పంచిపెట్టాను.

బజారులో పుట్టి పెరిగినవాళ్ళు మీలో ఉంటే నేను చెప్పబోయేది ఇట్టే పట్టుకుంటారు. కోరుట్లలో మా బాపుది బట్టల దుకాణం. లోపలికి రావాలంటే మూడు రాతిమెట్లు ఎక్కాలి, మా బేరాలన్నీ ఆ మెట్ల మీదే తేలేవి. రుద్రంగి నుంచో మేడిపల్లి నుంచో పెండ్లిబట్టలకు వచ్చిన ఆడవాళ్ళు, ధర కుదరకపోతే చీరను పక్కకు నెట్టి లేచి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళలాగా ఒక్కో మెట్టూ దిగేవారు. బాపు తల ఎత్తేవాడు కాదు. మూడో మెట్టు మీద పాదం పడ్డాక మాత్రం, "ఓ అక్కా, ఇటు రా, గంత కోపమైతే ఎట్ల" అని పిలిచేవాడు. పిలుస్తాడని వాళ్ళకు తెలుసు, పిలుపు కోసమే నెమ్మదిగా దిగుతున్నారని బాపుకు తెలుసు. సరుకు కోసం సిరిసిల్లకు పోయినప్పుడు కొనేవాడు బాపే గనుక పాఠం తిరగబడేది. మనసుపడ్డ బట్టల తాను మీద చెయ్యి వేయకూడదు, అక్కరలేనివి నాలుగు విప్పించి, లేచి పోయేముందు దాన్ని ఊరికే అడిగినట్టు అడగాలి. నేను ఈ విద్యలో ఎంత ఆరితేరానంటే, ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, రెండు కూరలు వండితే, ఇష్టం లేనిదాన్నే ముందు మెచ్చుకునేదాన్ని.

జగిత్యాలలో డిగ్రీ చదివి, దుకాణంలో కూర్చునే ప్రైవేటుగా ఎం.ఏ. రాసి, ఈ విద్యనే మూటగట్టుకుని హైదరాబాదులో పరిశోధన సీటు ఇంటర్వ్యూకు పోయాను. నా మనసులో ఉన్న విషయం ఒక్కటే. సిరిసిల్లలో బాపు ముందరి గదిలో బేరమాడుతుంటే, నేను వెనుక పంచలో, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. చేతులు ఆపకుండానే వాళ్ళు చెప్పిన ముచ్చట్లు ఏ పుస్తకంలోనూ లేవని ఎం.ఏ. చదివాక అర్థమైంది. వాళ్ళ గురించి రాయాలని ప్రాణం కొట్టుకుంటున్నా, దేని మీద పరిశోధన చేస్తారని ఇంటర్వ్యూ పెద్దలు అడిగితే, నాకు ఏమాత్రం పట్టని విషయాలు మూడు వాళ్ళ ముందు పరిచాను. కళ్ళద్దాల మేడం ఒకావిడ, మీకు నిజంగా ఇష్టమైనది ఇంకేదైనా ఉందా అని మెల్లగా అడిగింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. సీటిస్తే ఏదైనా చేస్తాననీ, ఇంకో చోట కూడా రమ్మంటున్నారనీ అన్నాను. ఆ ఇంకో చోటు భూమి మీద ఎక్కడా లేదు. ఇక వెళ్ళవచ్చన్నారు. నేను లేచి, కాగితాలు సర్దుకుని, కొంగు సవరించుకుని, తలుపు దాకా ఎంత నెమ్మదిగా నడిచానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఎవరూ పిలవలేదు. బయట బంట్రోతును మంచినీళ్ళు అడిగి తాగుతూ ఇంకాసేపు నిలబడ్డాను. అప్పుడూ పిలవలేదు.

సీటు ఇవ్వలేమని ఉత్తరం వచ్చిన రోజే, వాళ్ళిస్తామన్నారు, నాకే నచ్చలేదు అని ఇంట్లో చెప్పాను, బజారులోనూ చెప్పాను. నేను ఊహించనిది బాపు సంతోషం. అన్న దుబాయిలో ఉన్నాడు, బాపుకు చూపు తగ్గుతున్నది, అప్పటికే నలుపూ ముదురు నీలమూ ఒక్కటిగా కనిపిస్తున్నాయి. దుకాణంలో తాను కూర్చునే పరుపు పక్కన నాకో కొత్త పరుపు వేయించి, వచ్చినవాళ్ళకల్లా, "నా బిడ్డ అంత పెద్ద సదువు ఒద్దని అచ్చింది, దీనికి దుకాణమంటేనే పాణం" అని చెప్పుకునేవాడు. ఆ ఏడాదంతా నేను ఆయన కళ్ళనై కూర్చున్నాను, ఆ మెత్తని పరుపు మీద ముళ్ళున్నట్టే కూర్చున్నాను.

మరుసటి ఏడు యూనివర్సిటీవాళ్ళు మళ్ళీ దరఖాస్తులు అడిగారు. కాదని దిగిపోయిన దుకాణాన్ని మళ్ళీ ఎక్కడమంటే మా బజారులో పరువు తక్కువ. పైగా నేను దిగిపోలేదు, వాళ్ళే దింపారు. ఫారం నింపి వారం రోజులు తానుల కింద దాచి, ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు, బాపుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన మడత పెడుతున్న బట్టను ఒళ్ళోనే ఉంచుకుని, "అంటే, సీటు ఇయ్యనే లేదా?" అన్నాడు.

"ఇయ్యలే బాపు."

ఒళ్ళోని బట్టను మళ్ళీ విప్పి మడత పెడుతూ, "బజారుతోటి బేరమాడు, ఎవ్వలొద్దన్నరు. నాతోటి గూడ బేరమేనా బిడ్డా?" అన్నాడు.

రెండు రోజులు నాతో బట్టల మాట తప్ప ఇంకో మాట ఆడలేదు. మూడో రోజు పొద్దున దుకాణం తీస్తూ, నా వైపు చూడకుండానే, "ఫారం పంపినవా? తారీకు దాటితే ఎవ్వలు పిలువరు" అన్నాడు.

రెండోసారి అదే గది, అదే మేడం. కుర్చీలో కుదురుకోకముందే సిరిసిల్ల అన్నాను, కండెలు అన్నాను. పోయినేడు ఇది ఎందుకు చెప్పలేదని ఆమె అడిగితే, "మాది దుకాణం మేడం, కావాలన్నదాన్ని ఆఖరుకు ముట్టుకుంటం" అన్నాను. అందరూ నవ్వారు. సీటు వచ్చింది.

కోరుట్ల బస్టాండులో బాపు నా పెట్టె పైకెక్కించి కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను లేకపోతే రంగులెట్లా అని అడిగాను. "రంగులకేముందే, అచ్చినోళ్ళే చెప్పుకుంటరు" అని, బస్సు కదలకముందే వెనుదిరిగాడు. బజారులో బాపు వెనుక నడవాలంటే మేం పరుగెత్తవలసి వచ్చేది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా, ఒక్కో అడుగూ తడుముకుంటున్నట్టు నడిచాడు. చూపు సరిగా లేక అనుకున్నాను. రెండేళ్ళలో దుకాణం మూతపడింది, నీలం అడిగినవాళ్ళకు నలుపు కట్టిచ్చాడని జనం వెనక్కి తెచ్చి ఇచ్చేవారట. ఆ సంగతి నాకు ఉత్తరంలో ఒక్కసారి కూడా రాయించలేదు.

చెల్లెలి మనవరాలికి ఈ కథంతా చెప్పి, మళ్ళీ దరఖాస్తు పెట్టమన్నాను, ముందు ఇంట్లో నిజం చెప్పమన్నాను. అప్పుడు నిన్ను ఎవరూ ఆపలేదా అని ఆ పిల్ల అడిగింది, లేదన్నాను. ఇప్పుడు సీటు లేదన్న మాట ఫోనులోనే వస్తుంది, నెమ్మదిగా నడిచిపోవడానికి తలుపైనా ఉండదు. కోరుట్లలో మా దుకాణం ఉన్నచోట అద్దాల షోరూం వచ్చింది, ప్రతి చీరకూ ధర చీటీ అంటించి ఉంటుంది, మెట్లు తీసేసి నున్నగా ఏటవాలు చేశారు. నచ్చనివాళ్ళు గబగబా వెళ్ళిపోతారు, లోపలివాళ్ళు తలెత్తరు.

కావాలన్నదాన్ని చివరిదాకా ముట్టుకోవద్దని నాకు నేర్పిన మనిషి, ఉండిపో బిడ్డా అని నోరు తెరిచి ఎట్లా అడుగుతాడు? ఇది నాకు తట్టేసరికి బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు బస్టాండులో నేను పిలిస్తే వెనక్కి వచ్చి, మంచినీళ్ళు తెచ్చుకున్నవా అని మాత్రమే అడిగేవాడేమో. బస్సు కదిలేదాకా కిటికీలోంచి ఆయన నడకను చూస్తూనే ఉన్నాను. పిలవలేదు.