మెల్లగా మాట్లాడిన పాపానికి

ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే షెడ్డుకు నేను సూపర్‌వైజర్‌ని. ఎవరి పనిలో తప్పు కనబడినా గుమ్మంలోంచే అరిచేదాన్ని. నెల్లూరు ట్రైనింగులో మాత్రం పక్కకు పిలిచి, ముందు మెచ్చుకుని, మెల్లగా చెప్పమన్నారు. మర్నాడే, షెడ్డులో స్పూన్లు చెక్కే మస్తానమ్మను బయట కూర్చోబెట్టి, "నీ పనితనం చాలా మంచిది" అని మెల్లగా మొదలుపెట్టాను.

ఆమె మొహం పాలిపోయింది. "మా నాయనకేమన్నా అయిందా మేడం?" అంటూ గొల్లుమంది. వాళ్ల నాయన ఆత్మకూరు ఆసుపత్రిలో ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. షెడ్డంతా పరుగెత్తుకొచ్చింది. నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లేదమ్మా, నీ స్పూను కాడ వంకరగా ఉండాది, అంతే."

"అరిచి చెప్తే పోయేదానికి నన్ను చంపేసినారే" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు తప్పు కనబడితే, షెడ్డులో బెరుకైన పిల్ల షమీమ్‌కు చెవిలో చెబుతాను. మస్తానమ్మ మీద అరుస్తాను. నా అరుపు వింటేనే ఆమెకు ఇంట్లో అందరూ క్షేమమని ధైర్యం.