అన్న తిన్నది పుట్టగొడుగులు

అన్న ఆ సాయంత్రం కోడి తినలేదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. తైవాన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్నవాడు, నాకంటే కాస్త పెద్దవాడు, జనగామ వైపు మనిషి. ఇక్కడ ఐర్లండ్‌లో తెలుగువాళ్ల ఇళ్లకు భోజనాలకు వెళ్లే అలవాటున్న మీలో చాలామందికి ఆయన ‘తైవాన్ చికెన్ అంకుల్’గానే తెలుసు. ఆ పేరు రావడానికి కారణం నేను. ఆయన తిన్నవి పుట్టగొడుగులేనని ఇన్నేళ్లూ తెలిసిన ఒకే ఒక్క మనిషినీ నేనే.

మొన్నొక ఆదివారం మా అమ్మాయి డబ్లిన్ వెళ్లి, మేముండే మెయ్‌నూత్‌కు తిరిగొచ్చే రైల్లో ఒళ్లో పెట్టుకుని ఒక కాగితం సంచి తెచ్చింది. అక్కడ కొత్తగా ఎవరో తైవాన్ వేపుడు కోడి అమ్ముతున్నారట. సంచి విప్పగానే మిరియాలు, ఉప్పు, నూనెలో చిటపటలాడిన తులసి జాతి ఆకు, ఈ మూడూ కలిసిన వాసన వంటింటినిండా పరుచుకుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పిల్ల ఒక ముక్క పుల్లకు గుచ్చి నా ముందుకు చాచి, తన ఐరిష్ యాసలో, “డాడ్, తైవాన్ అంకుల్ తిన్న చికెన్ ఇదేనా?” అని నవ్వింది. అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సంచి మడిచి పక్కన పడేసి, పిల్ల బిత్తరపోయేలా అరిచాను. దాని తప్పేముంది? ఊహ తెలిసినప్పటినుంచీ ఆ హాస్యం వింటూ పెరిగింది. వినిపించింది నేను.

మేం నలుగురం షిన్‌చూ అనే ఊళ్లో ఉండేవాళ్లం. చిప్పులు తయారుచేసే కర్మాగారాల ఊరు, ఎప్పుడూ గాలి వీచే ఊరు. ఆరేసిన చొక్కా పక్క వీధిలో దొరికేది. మా ఫ్లాట్‌లో ఒకటే గిన్నె, ఒకటే కుక్కర్, వంతులవారీగా వంట. సాయంత్రం పని అయ్యాక స్కూటర్ల మధ్యలోంచి నడుచుకుంటూ వీధి అంగళ్ల దగ్గరికి వెళ్లడం మా అందరికీ పండగ. ఒక అంగడిలో ఆల్చిప్పల ఆమ్లెట్టు, ఒక దాంట్లో పులియబెట్టిన సోయా ముద్ద. దాని కంపుకు మొదటి నెల ముక్కు మూసుకుని నడిచి, రెండో నెల నుంచి దాన్నే వెతుక్కుంటూ వెళ్లినవాళ్లం. వేపుడు అంగడికి ఒక పద్ధతి ఉండేది. పట్టకారు, చిన్న ప్లాస్టిక్ బుట్ట తీసుకుని మనకు కావలసిన ముక్కలు మనమే ఏరుకుని ఇస్తే, అంగడామె వాటికి చిలగడదుంప పిండి పట్టించి వేయించి, చివర గుప్పెడు ఆకు నూనెలో వేసి, అన్నీ సంచిలో పోసి కారం చల్లి, మూతి పట్టుకుని గలగలా ఊపి ఇచ్చేది. ఆ దేశంలో అంగళ్లవాళ్లు వచ్చిన ప్రతి మగవాణ్ణీ ‘అందగాడా’ అని పిలుస్తారు. పెళ్లి సంబంధాల్లో ఫొటోలు తిరిగొచ్చిన రోజుల్లో మాకు ఆ పిలుపు కోసమైనా వెళ్లాలనిపించేది.

అన్న మాతో వచ్చేవాడు గానీ తినేవాడు కాదు. ఆయనది పుట్టుకతో శాకాహారం కాదు. ఆదివారం కూర ఉడకని ఇల్లు లేని ఊరు వాళ్లది. వాళ్లమ్మకు పెద్ద జబ్బు చేసినప్పుడు, ఆమె లేచి తిరిగితే ఇక నీసు ముట్టనని యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాడు. ఆమె లేచి తిరిగింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, దసరాకూ బోనాలకూ కూడా. మాకు ముక్కలు పంచి తను వేరుసెనక్కాయలు నమిలేవాడు. వేపుడు మీద ఆకు వేయడం చూసి మాత్రం ఊరుకోలేకపోయేవాడు. “తులసాకు తెచ్చి కోడి మీద ఏస్తరా! ఏం మనుషుల్రా వీళ్లు!” అనేవాడు. ఆ మాట తెలుగులో అనడంతో, అంగడామె ఏదో మెచ్చుకున్నాడనుకుని ఆయన్ని మరీ పెద్ద గొంతుతో అందగాడా అనేది.

ఆ వీధిలోనే కొంచెం ముందుకు వెళ్తే పసుపుపచ్చ బోర్డు, దాని మీద ఎర్రగా మన స్వస్తిక్ లాంటి గుర్తు ఉన్న అంగడి ఒకటి ఉండేది. ఆ గుర్తు ఉంటే అది బౌద్ధుల శాకాహారం అని నాకు ఆఫీసులో ఒకాయన చెప్పాడు. మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. వాళ్ల గొప్పతనం ఏమిటంటే శాకాహారాన్ని అచ్చం మాంసంలా వండటం. ఒక రకం పుట్టగొడుగును కోడిమాంసంలా పీచులు పీచులుగా చీల్చి, అదే పిండి, అదే కారం, అదే ఆకుతో వేయించి ఇస్తారు. ఒక సాయంత్రం నేనొక్కణ్ణే వెళ్లి, మా ముగ్గురికీ కోడి ఒక సంచిలో, అన్నకు పుట్టగొడుగులు ఒక సంచిలో తెచ్చాను. ప్రేమగానే తెచ్చాను. అది కూడా నిజమే, అదీ చెప్పుకోనివ్వండి.

“తమ్మీ, ఇండ్ల నీసు లేదు గద?” అన్నాడు. లేదన్నాను. ఆకు తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టి, ముక్క నోట్లో వేసుకున్నాడు. ఎన్నేళ్లకో అలాంటి రుచి తగిలిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. సగం సంచి అయ్యాక, “అరె, అచ్చం కోడి లెక్కనే ఉంది తమ్మీ” అన్నాడు. పక్కనున్న మా విజయవాడ కుర్రాడు పడిపడి నవ్వుతూ, “కోడిలా ఏంటన్నా, కోడే అది!” అన్నాడు. ముగ్గురూ నావైపు చూశారు. వాళ్లు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ నవ్వు నాకు కావాలనిపించింది. “సారీ అన్నా, సంచులు మారిపోయినట్టున్నాయి” అన్నాను.

అన్న లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. కక్కుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, మేం నవ్వుతూనే ఉన్నాం. తిరిగి రాగానే చెప్పేద్దామనుకున్నాను. ఆయన తిరిగొచ్చి, మూతి తుడుచుకుని, మంచం మీద కూర్చుని, మమ్మల్ని ఎవర్నీ తిట్టకుండా, “తెల్వక తిన్న. స్వామి చూసుకుంటడు తియ్” అన్నాడు. తిట్టి ఉంటే చెప్పేవాణ్ణేమో. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఆ కథ ఆఫీసులో తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. నేను లోపలికి వెళ్లేసరికి భుజం మీద చరిచి, ఏరా పంతులికి కోడి పెట్టావటగా అని అభినందిస్తున్నారు. కొత్త ఉద్యోగం, కొత్త దేశం, నన్ను ఎవరూ పట్టించుకోని చోట ఒక్కసారిగా నలుగురు నా పక్కన చేరారు. ఆ గొప్ప పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ చలికాలంలో వాళ్లమ్మ పోయింది. పాత జబ్బే తిరగబెట్టింది. విమానాశ్రయం దాకా బస్సులో నేనే తోడు వెళ్లాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, దిగబోయే ముందు ఆయన నాతో ఒక్కటే మాట అన్నాడు. “నోరు కట్టుకోలేక అమ్మను పోగొట్టుకున్న తమ్మీ.” ఆయన పెట్టె నా చేతిలో ఉంది. నాలుక కూడా నా నోట్లోనే ఉంది. నేను పెట్టె అందించి, ధైర్యంగా ఉండన్నా అన్నాను. నా జీవితంలో నేను చేసిన హాస్యం క్షమించదగ్గదే కావచ్చు. ఆ బస్సు దగ్గర నేను మూసుకున్న నోరు మాత్రం క్షమించదగ్గది కాదు. అప్పుడు చెబితే ఇక నా ముఖం చూడడని భయపడ్డాను. నా ముఖం ఆయన చూడటం కోసం, ఒక కొడుకు తల్లిని చంపుకున్నాననుకుంటూ బతకాల్సి వచ్చింది.

తర్వాత నేను ఐర్లండ్ వచ్చాను, కొన్నేళ్లకు అన్న కూడా వచ్చాడు. వదినకు ములింగార్‌లో ఆసుపత్రి ఉద్యోగం కావడంతో అక్కడే ఇల్లు తీసుకున్నారు. ఆయన రావడానికి ముందే ఆ కథ ఇక్కడికి వచ్చేసింది, నాతోనే. కొత్తగా పరిచయమైన ఇళ్లలో మాటలు తెగిపోయినప్పుడల్లా ఆ కథే నన్ను ఆదుకునేది. కథ పెరిగింది కూడా. మొదట సంచులు మారాయి, తర్వాత ఆయన రెండో సంచి అడిగాడు, ఆ తర్వాత అసలాయనే రోజూ దొంగతనంగా వెళ్లి తినేవాడు. నేను ఒక్కటీ ఖండించలేదు. అన్న ఎదుటే చెప్పేవాళ్లు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, ఆయనకేం పట్టింపు లేదులే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఈ వినాయక చవితికి మెయ్‌నూత్‌లో హాలు తీసుకున్నాం. నైవేద్యానికి పులిహోర అన్న కలుపుతున్నాడు. ఆయన చేతి పులిహోర తిన్నవాళ్లకు తెలుసు, ఇంకొకరి చేత చేయించాలని అనిపించదు. నా వయసే ఉన్న ఒకాయన, పక్కన కుర్చీలు సర్దుతున్నవాడు, అందరికీ వినబడేలా, “తైవాన్ చికెన్ అంకుల్ కలిపితే పులిహోరలో లెగ్ పీస్ వస్తుందేమో చూసుకోండ్రా!” అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నిర్వాహకుల్లో ఒక కుర్రాడు మర్యాదగానే దగ్గరికొచ్చి, “అంకుల్, ఏమనుకోకండి, కొంతమంది ఫీలవుతున్నారు. నైవేద్యం వరకు ఆంటీవాళ్లు చూసుకుంటారు, మీరు రిలాక్స్ అవ్వండి, ఇట్స్ గ్రాండ్, ఏం పర్లేదు” అన్నాడు. అన్న గరిటె పళ్లెంలో పెట్టి, చేతులు కడుక్కుని, వెళ్లి కుర్చీలు వేయడం మొదలుపెట్టాడు. నేను అక్కడే, గుమ్మం దగ్గర, పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

అప్పటినుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. ముందు నా మీద. తర్వాత, దాచడమెందుకు, మీ మీద కూడా. ఆ హాల్లో నవ్వినవాళ్లలో శనివారం బిర్యానీ మానినవాళ్లు ఎంతమంది? వేపుడు ముక్క లేకుండా పుట్టినరోజు చేసినవాళ్లు ఎంతమంది? నిజంగానే ఆయన తెలియక ఒక ముక్క తిని ఉంటే మాత్రం ఏమైంది? మాట మీద నిలబడటానికి అంత పాటుపడిన మనిషిని చూస్తే మనకు గౌరవం రాకుండా నవ్వెందుకు వస్తుంది? ఆయన మాట తప్పాడనుకుంటే మనకెందుకు అంత సంబరం?

నా భార్యకు మొదట చెప్పాను. పిల్ల మీద అరిచిన రోజే, అరిచిన కారణం చెప్పాల్సి వచ్చింది. ఆమె ప్రెస్ అల్మరా తలుపు తీసి గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగి, “అంటే ఇన్నేళ్లూ ఆ అబద్ధం నా నోటితో కూడా చెప్పించారా?” అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

శనివారం పొద్దున్నే ములింగార్ బయలుదేరాను. దారిలో ఆ ఊరూ ఆ ఫ్లాటూ గుర్తొస్తూనే ఉన్నాయి. అప్పుడు మాకు ఒకటే గిన్నె ఉండేది, ఎవరికి జ్వరమొచ్చినా మిగతా ముగ్గురూ గంజి కాచేవాళ్లం, ఒకడి ఇంటినుంచి ఫోనొస్తే నలుగురం మాట్లాడేవాళ్లం. ఇప్పుడు ఎవరి ఇల్లు వాళ్లకుంది, ఇంటి ముందు కారు ఉంది, కలిసినప్పుడు వేసుకోవడానికి నవ్వులున్నాయి. ఒకరి నవ్వు వెనక ఏముందో అడిగే తీరికే లేదు. దూరం దేశాల మధ్య లేదు, మా మధ్యే పెరిగింది. దాన్ని పెంచినవాళ్లలో నేను ముందున్నాను.

వదిన డ్యూటీకి వెళ్లింది. అన్న టీ పెడుతూ, “ఏంది తమ్మీ, ఫోన్ గూడ చెయ్యకుంట వస్తివి?” అన్నాడు. నేను కూర్చోగానే చెప్పేశాను. అంగడి, పసుపు బోర్డు, స్వస్తిక్ గుర్తు, పుట్టగొడుగులు, సంచులు మారలేదన్న సంగతి. ఆయన స్టవ్ కట్టేశాడు.

“ఎరుకుండే చెప్పలేదా?”

“ఎరుకుండేనన్నా.”

“అమ్మ పోయిన్నాడు గూడ ఎరుకేనా?”

“ఎరుకే.”

టీ గిన్నె పక్కకు జరిపి నావైపు తిరిగాడు. “ఇరవై ఏండ్ల సంది అమ్మ ఫొటో ముంగట సక్కగ నిలవడలే నేను. గుట్టకు పోయినా లోపలికి పోలే, మెట్ల కాడనే మొక్కి వచ్చిన. నువ్వేమో పక్కనుండి నవ్వినవ్. లే. నా ఇంట్ల కూసోకు.” ఆయన నామీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ దాని కోసమే భయపడ్డాను, తీరా వచ్చాక అది నాకు రావాల్సిందేనని తెలిసింది.

నేను లేచి నిలబడ్డాను. గుమ్మం వైపు వెళ్లలేదు. అక్కడే నిలబడి, ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పాను. “అన్నా, నువ్వు మొక్కు తప్పలేదు. ఒక్క రోజు కూడా తప్పలేదు. అమ్మ పోవడానికి నువ్వు కారణం కాదు. నలుగురు నవ్వితే చాలనుకుని అబద్ధం చెప్పాను, ఆ నలుగురూ పోతారని నిజం దాచాను. నీ తప్పు ఏమీ లేదు, అంతా నాదే. నన్ను క్షమించు.”