మల్లికి తవుడు, రత్తమ్మగారికి జాలి

టీలో ముంచినా మెత్తబడనిది కూడా ఒక బిస్కెట్టేనా చెప్పండి... మా కోడలు పొద్దున్నే రెండు తెచ్చి ముందు పెడుతుంది. "పీచు మస్తుంటది మామా, మంచిది" అంటుంది. కొరికితే నా పన్ను కదులుతుంది గానీ అది కదలదు. గోధుమ పొట్టట. అట్టముక్క అని రాసి అమ్మినా నమ్మేవాణ్ని...

మా చిన్నప్పుడు ఈ పొట్టు మా మల్లి తినేది. మల్లి అంటే ఎవరో పిల్ల అనుకుని నవ్వకండి. మా పంది. నల్లగా, బస్సంత ఉండేది.

అప్పుడు పట్నం చివర చిల్కానగర్ వెనక అంతా తుమ్మచెట్లు. అక్కడే మా గుడిసె, పక్కన పందుల దొడ్డి. నాయిన నాచారం హోటళ్లలో మిగిలిన అన్నం బకెట్లతో తెచ్చి మల్లికి పోసేవాడు. తిని తిని కొవ్వు పట్టింది. కిందటిసారి ఈనినప్పుడు ఒళ్లు కదల్చలేక సొంత పిల్లల మీదే దొర్లింది... సగం పోయాయి. మిగిలినవాటికి పాలు చాలలేదు.

మల్లి మళ్ళీ కడుపుతో ఉందని తెలియగానే నాయిన తేల్చేశాడు. "ఈ పారి గూడ గిట్లనే అయితే కటికోనికి కోతకు ఇచ్చేస్త. ఇగ నన్నేం అడగొద్దు."

దాని వీపెక్కి పెరిగినవాణ్ని నేను...

ముందు నాయిన తిండి సగానికి తగ్గించి చూశాడు. మల్లి ఆకలికి రోజంతా గుంజ కొరకడం మొదలుపెట్టింది. అమ్మ చూడలేకపోయింది. "అర్ధాకలితోని ఉంచుతవా దాన్ని? కడుపు నిండాలె, కొవ్వు పట్టొద్దు. గంతే" అంది.

ఇక చూడండి... మిల్లు నుంచి తవుడు, కందిపొట్టు, మార్కెట్లో పారేసిన క్యాబేజీ ఆకులు, కోసుకొచ్చిన పచ్చగడ్డి. గింజ కొంచెం, పొట్టు బోలెడు, నీళ్లు ఇంకా బోలెడు. కొన్నాళ్లకే గుంజ కొరకడం మానేసింది. తినడం, హాయిగా పడుకోవడం. రాయిలా వచ్చే పేడ కూడా మెత్తబడింది. ఇప్పుడు డాక్టరు నన్ను అడిగేదీ అదే...

అంతా బాగానే ఉండేది, పక్కింటి రత్తమ్మగారు లేకపోతే.

గుంటూరు వైపు నుంచి వచ్చారు. వాళ్లాయన ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆవిడ చాలా మంచి మనిషి... అదే చిక్కు.

"కడుపుతో ఉన్నదానికి పొట్టు పెడతారా ఎవరైనా? ఏదడిగితే అది పెట్టాలమ్మా" అంది గోడ మీంచి.

"అదేం అడిగింది అక్కా నిన్ను?" అంది అమ్మ.

"అడగలేదు కాబట్టే పాపం."

మర్నాటి నుంచి గోడ మీంచి అరిసెలు పడ్డాయి. పులిహోర పడింది. అమ్మ ముందు కాపలా కాస్తే ఆవిడ వెనక నుంచి వచ్చేది.

"నీ కాళ్లు మొక్కుత అక్కా, లావైతే దాన్ని కోతకు పంపుతడు మా ఆయన."

"ఒక్క అరిసెకి లావైపోతుందా?"

ఒక్కటా... కొంగు నిండా తెచ్చేది. వీధిలో ఆడవాళ్లంతా ఆవిడ వైపే. అమ్మకు రాక్షసి అని పేరు. అమ్మ చాట విసిరికొట్టి, మళ్ళీ తనే తెచ్చుకుని తవుడు కలిపేది.

చివరికి నేనే రత్తమ్మగారి దగ్గరికి వెళ్లాను. "పెద్దమ్మా, గోడ మీదికెల్లి ఏస్తే అమ్మ సూస్తది. నా చేతికియ్యి, సాటుంగ తినిపిస్త."

ఆవిడ నా తల నిమిరింది. "నీకున్న జాలి మీ అమ్మకు లేదురా నాన్నా."

మల్లి ఈనింది... పిల్లల్ని ముక్కుతో పక్కకు జరిపి, మెల్లగా మోకాళ్లు వంచి పడుకుంది. ఒక్క పిల్ల నలగలేదు. అన్నింటికీ పాలు సరిపోయాయి. నాయిన చూసి, సంచి భుజాన వేసుకుని మిల్లుకు తవుడు తేవడానికి పోయాడు.

కోత మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ పేరు ఎవరికి వచ్చిందనుకున్నారు? "అంతా నా అరిసెల చలవ" అని రత్తమ్మగారు వీధంతా చెప్పింది. వీధంతా తల ఊపింది. "తవుడు మోసి నా నడుము ఇరిగింది, పేరు అరిసెలకా?" అని అమ్మ ఏడ్చినంత పని చేసింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ దొడ్డి ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు. కింద కొట్లో అదే పొట్టును రంగుల డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. డబ్బా చెబితే అందరూ నమ్ముతున్నారు... అమ్మ చెబితే ఒక్కరూ నమ్మలేదు. మీ ఇంట్లో కూడా చెప్పీ చెప్పీ గొంతు పోయిన అమ్మ ఉండే ఉంటుంది. ఆమె మాట ఒకటి కింద రాయండి, మనవరాలితో చదివించుకుంటాను.

ఇంతకీ నా చేతికిచ్చిన ఆ అరిసెలు... దొడ్డి వెనక కూర్చుని అన్నీ నేనే తిన్నాను. మల్లికి వాసన కూడా చూపించలేదు. నిజం చెబితే అమ్మకు పేరు వచ్చేది, నాకు దెబ్బలు పడేవి... అందుకే నోరు మూసుకున్నాను.

పంది సన్నబడి కొడుకు లావెందుకయ్యాడో అమ్మకు అర్థం కాలేదు. "మల్లికి పెట్టే పొట్టు నీకు పెట్టాలెరా" అనేది.

ఇప్పుడు మా కోడలు పెడుతోంది.