సినిమాలో మా సుబ్బారావు గారు

ఈ రోజు మధ్యాహ్నం అమ్మ పూతరేకులు చుడుతుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక విదేశీ సినిమా పెట్టాను. ఒక జాతి మనుషులందరినీ వెతికి చంపిన రోజుల్లో, ఒక మామూలు వీధిలో జరిగే కథ అది. అమ్మకు చదువు రాదు కనుక తెర అడుగున వచ్చే ఇంగ్లీషు మాటలను నేనే తెలుగులో చెబుతున్నాను. ఆ పేర్లకు నోరు తిరగక, అందులో ఆ జాతివాడైన కొట్టాయనకు మా వీధి కిరాణా సుబ్బారావు గారి పేరు పెట్టేసింది అమ్మ.

సినిమాలో సైనికులు ఆయన్ను ఈడ్చుకెళ్ళినప్పుడు అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తారేంటే? ఒక్కళ్ళూ అడగరేం?”

“అడిగితే వాళ్ళనీ చంపేస్తారమ్మా.”

“మన సుబ్బారావు గారినైతే నేనడుగుతానంటావా?”

నేను సినిమా ఆపేశాను.

సాయంత్రం ఇంట్లో ఉప్పు ఉండగానే నన్ను వెంటబెట్టుకుని ఉప్పు కొనడానికి బయలుదేరింది. కొట్టు దగ్గర ఆయన్ను తేరిపార చూస్తూ నిలబడింది.

“ఏంటమ్మా, అలా చూస్తున్నావు?”

“ఏం లేదండి. బాగున్నారా అని.”

“పొద్దున్నేగా చూశావు! ఇంతలో నాకేమవుద్ది?” అని నవ్వారాయన.

అమ్మ నవ్వలేదు. దారిలో “నేనడుగుతానంటావా?” అని మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. మీ అమ్మ అడిగితే మీరేం చెప్పేవారండి?