ఒక బ్రాకెట్ తక్కువ

ఆ రోజుల్లో, అంటే పాప జ్వరం ఎంతుందో చూసుకోవడం కాకుండా అంకెలతో నాకు వేరే పని కూడా ఉన్న రోజుల్లో, ప్రతి లెక్కకూ ఒకటే జవాబుంటుందని గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ పూర్తయిన కొత్త. మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్‌కు అర్థమెటిక్ చెప్పడానికి వెళ్లాను. అమీర్‌పేట పద్ధతి తెలిసిందే, మొదటి క్లాసు డెమో, ఉచితం. పిల్లలు (సగం మంది నాకంటే పెద్దవాళ్లే) నాలుగు చోట్ల డెమోలు విని, నచ్చిన చోట చేరతారు. రెండో రోజు కుర్చీలు నిండితేనే నాకు ఉద్యోగమని సెంటర్ నడిపే సారు ముందే చెప్పేశారు.

అందరినీ ఆకట్టుకోవాలని, ఫోన్లలో తిరుగుతున్న లెక్కొకటి బోర్డు మీద రాశాను: 8 ÷ 2(2+2). సగం మంది పదహారన్నారు. నా జవాబూ అదే. బ్రాకెట్ అయ్యాక ఎడమ నుంచి కుడికి పోవడమే కదా అనుకుంటుండగా, ముందు వరసలో కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న అక్క లేచింది.

"మేడం, గా రెండు బ్రాకెట్‌ను పట్టుకొనే ఉంది కద. మా సారు దాన్ని 'ఆఫ్' అనేటోడు. భాగారం కంటే ముందు గదే చెయ్యాలె. ఒకటి వస్తది."

మిగతా సగం తలలూపింది. ఏది ముందు చెయ్యాలో చెప్పే బాడ్మాస్ సూత్రం మీదే రెండు పక్షాలూ ఒట్టేశాయి. ఇటు చూస్తే ఇదీ నిజమే, అటు చూస్తే అదీ నిజమే. టైమైపోయింది. నాకు తెలియదు, రేపు చెప్తానన్నాను. తలుపు దగ్గర సారు, "డెమోల తెల్వదంటరామ్మా ఎవరన్న?" అని మెల్లగా అడిగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు కుర్చీలు నిండి, గోడలకు ఆనుకుని కూడా నిలబడ్డారు. టీ బండి దగ్గర తేలని గొడవను స్నేహితులతో సహా మోసుకొచ్చారు. పాత పుస్తకాలన్నీ తిరగేసి తెలుసుకున్నది చెప్పాను. ఒక్కో పుస్తకానిది ఒక్కో అలవాటు, తప్పు మీలో ఎవరిదీ కాదు, ఇంకో బ్రాకెట్ పెట్టకుండా రాసినవాళ్లది అన్నాను.

"రాసింది మీరే కద మేడం," అంది అక్క నింపాదిగా.

క్లాసంతా నవ్వింది. ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు పంజాగుట్టలో ఆఫీసుకు పోయే ముందు రోజూ పాపను చూసుకునే అత్తమ్మకు చీటీ రాసిపెడతాను: పాలు, మందు (జ్వరం ఉంటేనే), నిద్ర (మందు తాగాక, వెంటనే కాదు). ఈరోజు ఆమె అది చదివి, "గిన్ని బ్రాకెట్లెందుకు బిడ్డా? నీ మొగణ్ని పెంచింది నేనే కద," అంది. అంతమంది ముందు తెలియదని చెప్పేసి నిలబడ్డ ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వుకున్నాను. రేపటి చీటీలో ఒక బ్రాకెట్ తీసేశాను (ఒకటే).