రసాల కాలంలో నా షుగరు

నా కుడికంట్లో శుక్లం ముదిరిందనీ, ఎడమకన్ను కూడా అదే దారిలో ఉందనీ విజయవాడలో కంటి డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ పెద్ద విషయం కాదట, పావుగంట పని. కానీ పరగడుపు షుగరు నూట నలభై దాటకుండా వరసగా పదిహేను రోజులు రాసి చూపిస్తేనే తేదీ ఇస్తానన్నాడు. అప్పటికి రెండు నెలలుగా నేను ఒక్క పుస్తకం కూడా పూర్తి చెయ్యలేదు. అక్షరాల మీద పల్చగా పాలు పోసినట్టుండేది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. భార్య పోయి ఆర్నెల్లయింది. చదువుకోవడం తప్ప నాకు వేరే కాలక్షేపం లేదు. ఇంట్లో టీవీ ఉంది గానీ అది మా అత్తగారిది. కాబట్టి ఆ పదిహేను అంకెలు నాకు చాలా అవసరం.

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు. కూతురు పోయాక కొడుకు వచ్చి తన ఊరు వినగడప తీసుకెళతానంటే, "నాకు ఈ మంచం అలవాటైంది, అక్కడ నిద్ర పట్టదు" అంది. అసలు కారణం నేనొక్కణ్ణే ఉంటానని. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవిడకి పళ్లు లేవు, షుగరూ లేదు. ఎండాకాలమంతా పొద్దున్నే ప్రార్థన చేసుకుని గిన్నెడు మామిడిరసం తాగుతుంది. మా బావమరిది తన తోటలో చిన్నరసాలు బుట్టకెత్తి షేర్ ఆటోలో తిరువూరు పంపిస్తాడు. పండుని రెండు చేతులతో మెత్తగా నలిపి, తొడిమ తీసి, గిన్నెలోకి పిండాలి. అది మా ఆవిడ చేసే పని. ఈ ఏడు నాకొచ్చింది. మొదటిరోజు సగం రసం నా చొక్కా మీద పడింది. కూతురైతే ఇలా చేసేది కాదని ఆవిడ అంటుందేమోనని చూశాను.

"ఆ చొక్కా కూడా పిండండి అల్లుడుగారూ, ఇంకో గిన్నె వస్తది" అంది.

రసం ఇచ్చేశాక తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మాత్ర వేసుకోకముందే షుగరు చూసుకునేవాణ్ణి. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఇదంతా ఒక తరగతి నడిచినట్టు నడిచేది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లల చేతులు తిప్పి తిప్పి చూసే మనిషి. నన్నూ రోజూ కుళాయి దగ్గరికి పంపేది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని వస్తే గానీ సూది తీసేది కాదు. "నేనేం రెండో తరగతి కాదు" అనేవాణ్ణి. "వాళ్లయితే ఒకసారి చెప్తే వింటారు" అనేది. నేను దాన్ని బడి అలవాటు కిందే జమకట్టాను. ఆవిడ పోయాక కుళాయి మానేసి, స్పిరిట్ దూదితో వేలికొస తుడవడం మొదలుపెట్టాను. సబ్బుకన్నా అదే సరైన పద్ధతిలా అనిపించింది.

షుగరు రాసుకునే పుస్తకంలో మొదటిరోజు రెండువందల అరవై ఎనిమిది రాశాను. రెండోరోజు రెండువందల తొంభై ఒకటి.

ఆ రెండోరోజు సోమవారం. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ సోమవారం, గురువారం మా ఇంటికి వచ్చి మా మిషను మీద తన షుగరు చూసుకుంటుంది. మా ఆవిడ ఉన్నప్పటి ఏర్పాటు అది. తెల్లవారుజామున చేతులూ మొహం కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుని, నమాజు ముగించి, తన స్ట్రిప్పు తనే పట్టుకుని నేరుగా వస్తుంది. చేతులు అప్పటికి శుభ్రంగా ఉంటాయి. ఆ విషయం నేను తర్వాత ఆలోచించాను. ఆ రోజు మాత్రం మిషను పాడైందేమో అన్నాను.

"ఎందుకు పాడవుద్ది మాష్టారూ? ఇప్పుడే నాకు నూట ముప్పై రెండు చూపించిందిగా. నా మీదేమన్నా ప్రత్యేకంగా ప్రేమా దానికి?" అంది.

మంచం మీంచి మా అత్తగారు విచారణ అందుకుంది. "రాత్రి ఏం తిన్నారు?"

"రెండు చపాతీలు, బీరకాయ కూర."

"ఆ తర్వాత?"

"మంచినీళ్లు."

"మీ మావగారూ ఇట్టాగే మంచినీళ్లనేవారు. ఆయన దిండు గలీబులో బెల్లం ముక్కలు దొరికేవి."

బట్టలు కుట్టే ఆవిడ నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. నా దిండు తెచ్చి చూపించమంటారా అన్నాను. అక్కర్లేదు, నిన్న మీరు స్నానానికి వెళ్లినప్పుడు చూశాను అంది మా అత్తగారు.

వారం గడిచినా అంకెలు దిగలేదు. మా డాక్టరుకి పుస్తకం చూపించాను. తిరువూరులో పదేళ్లుగా నన్ను చూస్తున్నవాడు. పేజీ అటూ ఇటూ తిప్పి, "మనసు బాగోకపోయినా పెరుగుతుంది మాష్టారూ. మేడంగారు పోయారు కదా, టైం పడుతుంది" అన్నాడు. పొద్దుటి మాత్ర ఒకటి పెంచాడు. దుఃఖాన్ని రక్తంలో కొలవొచ్చంటే నాకు నచ్చలేదు. కానీ కాదనడానికి నా దగ్గర వేరే కారణం లేదు. ఆవిడ పోయినప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. లోపల మిగిలిందేదో ఇలా బయటపడుతోందేమో అనుకున్నాను.

మాత్ర పెరిగింది. చపాతీలు రెండు ఒకటయ్యాయి. పొద్దున ఇడ్లీలు కూడా రెండుతో ఆపేశాను. అయినా రెండువందల డెబ్భై, రెండువందల నలభై, ఒకరోజు మూడువందల పన్నెండు. ఆ మూడువందల పన్నెండు రోజున, చేతికి దగ్గరగా ఉన్న పుస్తకాలన్నీ తీసి బీరువాలో పెట్టాను. ఎదురుగా ఉంటే తెరవాలనిపిస్తుంది, తెరిస్తే కనపడదు.

ఆ తర్వాత వచ్చిన గురువారం. బట్టలు కుట్టే ఆవిడ పొద్దున రాలేదు. స్కూళ్లు తెరిచే ముందు యూనిఫాంల పని మీద పడి, షుగరు మిషను పట్టుకుని కొట్టుకి రమ్మని కబురు చేసింది. పదకొండింటికి వెళ్లాను. వీధి సగం నడిచేసరికి చేతులు వణకడం మొదలైంది. కొట్టులో స్టూలు మీద కూర్చునేసరికి చొక్కా తడిసిపోయింది. ఎండ అన్నాను. ఆవిడ కత్తెర కింద పెట్టి నా మొహం చూసింది.

"ఎండ కాదు మాష్టారూ, ముందు మీదే చూద్దాం" అంది. నేను స్పిరిట్ దూది కోసం సంచీలో వెతుకుతుంటే చెంబుతో నీళ్లు తెచ్చింది. "చెయ్యి ఇటు పెట్టండి. టీచరమ్మ చేతులు కడగందే నన్ను కూర్చోనిచ్చేది కాదు. అప్పుడే మర్చిపోయారా?"

కడిగింది, కొత్త లైనింగు ముక్కతో తుడుచుకోమంది. సూది గుచ్చాను. యాభై ఎనిమిది.

ఎవరో వేరేవాళ్లదన్నట్టు చదివాను ఆ అంకె. ఆవిడ అప్పటికే పక్క హోటల్‌కి కేకేసింది. వచ్చిన టీలో తన దగ్గరున్న పంచదార నాలుగు చెంచాలు వేసి, తాగేదాకా ఎదురుగా నిలబడింది.

"పొద్దున ఎంతుంది?"

"రెండువందల అరవై."

"పొద్దున రెండువందల అరవై, ఇప్పుడు యాభై ఎనిమిది. మధ్యలో ఏం చేశారు, పొలం దున్నారా?"

టీ లోపలికి వెళ్లి వణుకు తగ్గాక చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున లేచాను, అత్తయ్యకి రసం పిండాను, చేతులు తుడుచుకున్నాను, షుగరు చూసుకున్నాను. అక్కడికొచ్చి ఆగాను. ఆవిడ కూడా ఆగింది.

"తుడుచుకున్నారా, కడుక్కున్నారా?" అంది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన పుస్తకం మళ్లీ తెరిచి చూశాడు. "ల్యాబులో ఒకసారి రక్తం ఇమ్మని నేను ముందే అనాల్సింది" అని పెంచిన మాత్ర తీసేశాడు. స్పిరిట్‌తో పండురసం పోదు, కడిగితేనే పోతుందన్నాడు.

మర్నాడు రెండు స్ట్రిప్పులు పెట్టుకుని కూర్చున్నాను. లేవగానే సబ్బుతో కడుక్కుని ఒకసారి చూశాను. నూట ఇరవై నాలుగు. తర్వాత రసం పిండి, తువ్వాలుతో తుడుచుకుని, దూది రాసి, ఇంకోసారి చూశాను. రెండువందల ఎనభై మూడు. పది నిమిషాల తేడాలో ఒకే మనిషి. దుఃఖం కాదు, చిన్నరసం.

మా అత్తగారు రెండు అంకెలూ విని గిన్నె పక్కన పెట్టేసింది. "నా నాలిక కోసం మీ కన్ను ఆగిపోయిందా? రేపట్నించి నాకొద్దు" అంది. ఆవిడ మానేస్తే నాకు బాధ తగ్గదనీ, రసం కాలం మహా అయితే ఇంకో మూడువారాలనీ, నేను ముందు షుగరు చూసుకుని తర్వాత పండు ముట్టుకుంటే సరిపోతుందనీ చెప్పాను. ఒప్పుకోలేదు. చివరికి పండు పిండి మంచం పక్కన పెట్టేసి వెళ్లిపోయాను. ఓ పావుగంట తర్వాత గిన్నె ఖాళీగా ఉంది. ఆ గిన్నె గురించి కూడా మేము మాట్లాడుకోలేదు.

పాత పేజీలు కొట్టేసి, మళ్లీ ఒకటో రోజు అని రాశాను. నూట ఇరవై నాలుగు, నూట పద్దెనిమిది, నూట ముప్పై ఆరు. తొమ్మిదోరోజు నూట ముప్పై తొమ్మిది వస్తే మాత్రం అంకె మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఆ ముందురోజు సాయంత్రం మా ఆవిడ జ్ఞాపకార్థ ప్రార్థన కూడికలో ఒక లడ్డూలో పావు తిన్నాను. ఆ పావు సంగతి మా అత్తగారికి తెలుసు. ఎందుకంటే మిగిలిన ముప్పావు ఆవిడే తింది.

పదిహేను పూర్తయ్యాక విజయవాడ వెళ్తే కంటి డాక్టరు పేజీ చూసి, నేను రక్తం ఇచ్చి తెచ్చుకున్న ల్యాబు కాగితం చూసి, బుధవారం రమ్మన్నాడు.

బుధవారం నాకు తోడుగా మా బావమరిది వచ్చాడు. ఆపరేషన్ పావుగంట కూడా పట్టలేదు. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలిచ్చి పంపేశారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇబ్రహీంపట్నం దాటాక, డాక్టరు చెప్పినట్టు దుమ్ము తగలకుండా కిటికీ అద్దం మూసి, నల్లద్దాలు కొంచెం పైకెత్తి చూశాను. ఎరువుల కొట్టు, పక్కన ఫోటో స్టూడియో, ఆ పైన ఒక ట్యూషన్ సెంటరు. బోర్డుల మీద అక్షరాలు అంచులతో సహా కనిపించాయి. పైకే చదవడం మొదలుపెట్టాను. మైలవరం వచ్చినా ఆపలేదు.

"బావా," అన్నాడు మా బావమరిది, "నేనూ పదో తరగతి పాసయ్యాను. నాకూ కనపడుతున్నాయి."

ఎ.కొండూరు దగ్గర ఒక టిఫిన్ హోటల్ మీద 'ఇచ్చట షుగరు వ్యాధి ఉన్నవారికి ప్రత్యేక పూరీ కలదు' అని ఉంది. మా ఆవిడకి చెప్పాలనుకున్నాను. చెప్పాలనుకోవడం అయ్యాక గుర్తొచ్చింది. ఇటు తిరిగి, మా బావమరిదికి చదివి చూపించాను. వాడు పగలబడి నవ్వాడు. వాళ్లక్కలాగే, కళ్లు మూసుకుని.